ఒక ప్రొటీన్, రెండు చోట్లు: ఈస్ట్ ఫో5 ప్రమోటర్‌పై ప్రాజెక్టు డైరీ

ఇదే పనిని మరొకరు మొదలుపెడితే మాకు పట్టిన 71 రోజులలో సగమైనా వారికి మిగలాలనే ఉద్దేశంతో ఈ నోట్సును శుభ్రంగా తిరగరాస్తున్నాను. అనుకున్నట్టు జరిగిన పనులను ఒకటి రెండు వాక్యాలలో ముగించి, చెడిపోయిన పనులను మాత్రం కొలతలతో సహా ఉంచాను.

దశ 0: కొలవవలసినది ఏమిటి

ఈస్ట్ కణానికి ఫాస్ఫేట్ కరువైనప్పుడు ఫో5 అనే జన్యువు పనిలోకి వస్తుంది. అది తయారుచేసే ఆమ్ల ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కణం గోడ దగ్గరకు చేరి, బయట దొరికే సేంద్రియ పదార్థాల నుంచి ఫాస్ఫేట్‌ను విడదీస్తుంది. ఈ జన్యువును మేల్కొలిపే ప్రొటీన్ పేరు ఫో4. ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నంతకాలం ఫో80, ఫో85 అనే జంట కైనేజ్ ఫో4కు ఫాస్ఫేట్ గుర్తులు తగిలించి దానిని కేంద్రకం వెలుపలే ఉంచుతుంది. కరువు రాగానే ఆ కైనేజ్ ఆగిపోతుంది, ఫో4 కేంద్రకంలో నిలదొక్కుకుంటుంది.

అయితే కేంద్రకంలోకి వచ్చినంత మాత్రాన ఫో4కు పని దొరకదు. జన్యువుకు ముందుండి దాని పనిని అదుపుచేసే డీఎన్ఏ భాగమైన ప్రమోటర్‌లో అది కూర్చోవలసిన చోట్లు రెండు ఉన్నాయి. మొదటిదైన యూఏఎస్‌పీ1లో సీఏసీజీటీటీ అనే డీఎన్ఏ అక్షరాల వరుస ఉంటుంది. ఇది రెండు న్యూక్లియోజోమ్‌ల (ప్రొటీన్ ముద్ద చుట్టూ డీఎన్ఏ చుట్టుకున్న ఉండల) మధ్య ఖాళీలో ఎప్పుడూ బయటే ఉంటుంది. రెండవదైన యూఏఎస్‌పీ2లో సీఏసీజీటీజీ ఉంటుంది. ఫో4 మరింత గట్టిగా పట్టుకోగల వరుస ఇదే. కానీ ఇది, జన్యువు మొదలు నుంచి వెనక్కి లెక్కిస్తే రెండవదైన మైనస్ 2 న్యూక్లియోజోమ్ కింద చుట్టుకుని ఉంటుంది. ప్రతి న్యూక్లియోజోమ్‌లోనూ హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 హిస్టోన్లు రెండేసి చొప్పున చేరిన ముద్ద చుట్టూ సుమారు 147 బేస్ జతల డీఎన్ఏ 1.65 చుట్లు తిరిగి ఉంటుంది. జన్యువును చదివే యంత్రాంగం పట్టుకునే టాటా బాక్స్ మైనస్ 1 న్యూక్లియోజోమ్ కిందికి పోతుంది. అంటే మంచి పీటను గదిలో పెట్టి తాళం వేసి, అంత బాగాలేని పీటను వసారాలో వేసినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు.

ఈ చిత్రం 1986లో మ్యూనిక్‌లో వోల్‌ఫ్రామ్ హోర్ట్స్ బృందం చేసిన పనితో స్పష్టమైంది. ఫాస్ఫేట్ కరువులో ప్రమోటర్ మీది నాలుగు న్యూక్లియోజోమ్‌లు తొలగి, సుమారు 600 బేస్ జతల మేర డీఎన్ఏ ఎంజైమ్‌లకు అందుబాటులోకి వస్తుందని వారు చూపారు. మేము కొత్త విషయమేదీ కనిపెట్టబోవడం లేదు. ఆ తలుపు ఎంత శాతం కణాలలో తెరుచుకుందో, డీఎన్ఏ పట్టీలను రేడియోధార్మిక ప్రోబులతో చూపే పాత బ్లాట్ పద్ధతి లేకుండా, ఒక డీఎన్ఏ ముక్క ఎంత ఉందో దానిని పెంచుతూ కొలిచే క్యూపీసీఆర్‌తో కొలవగలమా అన్నదే మా ప్రశ్న.

కొలతలు మూడు:
1. ఆమ్ల ఫాస్ఫటేజ్ చర్య. జన్యువు నిజంగా పనిచేస్తోందా అన్నది ఇది చెబుతుంది.
2. మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే డీఎన్ఏ కోసే ఎంజైమ్‌తో కోత. ఏ ముక్కను న్యూక్లియోజోమ్ కాపాడుతోందో ఇది చెబుతుంది.
3. క్లా1 ఎంజైమ్‌తో కోత. మైనస్ 2 న్యూక్లియోజోమ్ లోపల ఏటీసీజీఏటీ అనే క్లా1 గుర్తు ఒకటి ఉంది. అది తెగితే తలుపు తెరిచినట్టు.

దశ 1: కణాలను ఆకలితో ఉంచడం (1 నుంచి 12వ రోజు)

ఫాస్ఫేట్ లేని మీడియాను కొనకుండా మేమే తయారుచేశాం. పద్ధతి పాతదే:
1. లీటరు నీటిలో 10 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 20 గ్రాముల పెప్టోన్ కరిగించాలి.
2. 1 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 10 మి.లీ., గాఢ అమోనియా 10 మి.లీ. కలిపి అరగంట కదపకుండా ఉంచాలి. ఫాస్ఫేట్ తెల్లని మడ్డిగా కిందికి దిగుతుంది.
3. వడపోత కాగితంతో వడకట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 5.8కి తెచ్చి, ఆటోక్లేవ్ చేసి, విడిగా శుద్ధి చేసిన గ్లూకోజ్‌ను 2 శాతానికి కలపాలి.
4. పోలిక కోసం ఇదే మీడియాలో సగానికి లీటరుకు 1 గ్రాము పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ తిరిగి కలపాలి. అప్పుడు రెండు సీసాల మధ్య తేడా ఫాస్ఫేట్ ఒక్కటే అవుతుంది.

మొదటి మూడు ప్రయత్నాలలో ఆకలి కణాలు ఆకలిగా ఉన్నట్టే కనిపించలేదు. ఎంజైమ్ తెంపితే పసుపు రంగునిచ్చే పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్‌తో 10 నిమిషాల చర్య తరువాత సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆపి, 405 నానోమీటర్ల వద్ద చదివి, ఒక ఓడీ (ద్రవం మసకను బట్టి కణాల మోతాదు చెప్పే కొలత) కణాలకు లెక్కకడితే ఫాస్ఫేట్ ఉన్న కణాలకు 0.05, లేని కణాలకు 0.07 వచ్చాయి. ఫాస్ఫేట్ ఉన్నప్పుడు కూడా అంకె సున్నా కాకపోవడానికి కారణం ఫో3 అనే పొరుగు జన్యువు. అది ఎప్పుడూ కొంత ఆమ్ల ఫాస్ఫటేజ్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. కనుక 0.05ను తప్పుగా భావించనక్కరలేదు. 0.07 మాత్రం ముమ్మాటికీ తప్పే.

మీడియాను అనుమానించి రెండుసార్లు కొత్తగా చేశాను, ఫలితం మారలేదు. చివరకు ఖాళీ ఫ్లాస్కు అడుగున సన్నని తెల్లని వలయం కంటపడింది. మా గాజు సామాను మామూలు డిటర్జెంట్ పౌడర్‌తో కడుగుతారు, అలాంటి పౌడర్లలో చాలావాటిలో ట్రైపాలీఫాస్ఫేట్ ఉంటుంది. కడిగే పెద్దాయన తప్పు ఇందులో ఏమీ లేదు. ఫాస్ఫేట్ కరువు ప్రయోగానికి గాజు సామాను వేరుగా ఉంచాలని నేను ఆయనకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఫ్లాస్కులో కొద్దిగా నీరు పోసి కుదిపి, ఆ నీటిని నేరుగా మాలిబ్డేట్‌తో పరీక్షిస్తే నీలం రంగు రాలేదు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మరిగించిన తరువాత పరీక్షిస్తే చిక్కటి నీలం వచ్చింది. గొలుసు ఫాస్ఫేట్ విడి ఫాస్ఫేట్‌గా తెగితే తప్ప మాలిబ్డేట్ దానిని గుర్తించదు. మరిగించకుండా చూసి "ఫ్లాస్కు శుభ్రంగానే ఉంది" అని నేను అంతకు రెండు రోజుల ముందే రాసుకున్న వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను.

మార్చినవి: ఆరు ఫ్లాస్కులను విడదీసి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో ఐదుసార్లు కడిగి, వాటి మెడలకు ఎర్ర టేపు చుట్టాను. కణాలను మార్చే ముందు రెండుసార్లు నీటితో కడగడం మొదలుపెట్టాను. ఆకలి సమయాన్ని 4 గంటల నుంచి 14 గంటలకు పెంచాను, ఎందుకంటే ఈస్ట్ తన వాక్యువోల్ అనే నిల్వ సంచిలో పాలీఫాస్ఫేట్ గొలుసులను దాచుకుని ఉంటుంది. గాదెలో గింజలు ఉన్నంతసేపు దానికి కరువు తెలియదు. కొత్త అంకెలు 0.05, 0.91.

ఇప్పటివరకు: 12 రోజులు, 9 కల్చర్లు, నమ్మదగిన ఫలితం 1.

దశ 2: గోడ కరిగించి కేంద్రకాలు తీయడం (13 నుంచి 19వ రోజు)

కణం గోడను జైమోలేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించాలి. 1 మోలార్ సార్బిటాల్ ఉన్న పొటాషియం ఫాస్ఫేట్ బఫర్‌లో, 30 డిగ్రీల వద్ద, అరగంట అని మా ల్యాబ్ పాత నోట్సులో ఉంది. ఈ బఫర్ పేరును గుర్తుంచుకోండి, దశ 5లో దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఎంత గోడ కరిగిందో తెలుసుకోవడానికి 10 మై.లీ. కణాలను 1 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో కలిపి 600 నానోమీటర్ల వద్ద చదవాలి. గోడ పోయిన కణం పగిలి పారదర్శకమవుతుంది కనుక అంకె పడిపోతుంది. ఫాస్ఫేట్ ఉన్న కణాలు అరగంటలో 0.82 నుంచి 0.11కి దిగాయి. ఆకలి కణాలు అదే సమయంలో 0.80 నుంచి 0.57కు మాత్రమే దిగాయి. పెరుగుదల మందగించిన ఈస్ట్ గోడ గట్టిపడుతుందన్నది తెలిసిన విషయమే అయినా, రెండు సీసాలకు ఒకే గడియారం పెట్టడం నా పొరపాటు. గోడ సగమే కరిగిన కణాల నుంచి తీసిన కేంద్రకాలలోకి ఎంజైమ్ సరిగా చొరబడదు. అప్పుడు తెరిచిన ప్రమోటర్ కూడా మూసినట్టే కనిపిస్తుంది.

మార్చినవి:
1. జైమోలేజ్‌కు ముందు 15 నిమిషాలు మెర్కాప్టోఇథనాల్, ఈడీటీఏలతో కణాలను మెత్తబరచడం.
2. సమయం చూసి ఆపడం మానేసి, ప్రతి 5 నిమిషాలకు ఓడీ చదివి, మొదటి విలువలో 15 శాతానికి దిగినప్పుడే ఆపడం.
3. ఆకలి కణాలకు జైమోలేజ్‌ను రెట్టింపు చేయడం.

ఆ తరువాత కణాలను 18 శాతం ఫైకాల్ ఉన్న బఫర్‌లో పగలగొట్టి, కేంద్రకాలను సెంట్రిఫ్యూజ్‌లో దింపాం. ఇందులో చెప్పుకోదగిన ఇబ్బంది రాలేదు. మే నెల కావడం వల్ల ఐస్ బకెట్‌ను గంటకోసారి నింపవలసి వచ్చింది, అంతే.

ఇప్పటివరకు: 19 రోజులు, 13 కల్చర్లు.

దశ 3: మైక్రోకాకల్ న్యూక్లియేజ్ (20 నుంచి 34వ రోజు)

ఈ ఎంజైమ్ న్యూక్లియోజోమ్‌ల మధ్య ఖాళీ డీఎన్ఏను కోసి, హిస్టోన్లకు చుట్టుకున్న భాగాన్ని వదిలేస్తుంది. సరిగ్గా కోస్తే, డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్‌లో 150 బేస్ జతల దగ్గర మెరిసే పట్టీ, దానిపై నిచ్చెన మెట్లలా రెండు, మూడు న్యూక్లియోజోమ్‌ల పట్టీలు కనిపించాలి. మూడు చోట్ల దెబ్బతిన్నాం.

మొదటిది ఆర్ఎన్ఏ. తొలి నాలుగు జెల్స్‌లో 200 బేస్ జతల కింద దట్టమైన మబ్బు కనిపించింది. కోత ఎక్కువైందని భావించి ఎంజైమ్‌ను తగ్గిస్తూ పోయాను, మబ్బు తగ్గలేదు. అసలు ఎంజైమే వేయని గొట్టంలోనూ అదే మబ్బు ఉందని ఐదవ జెల్‌లో గమనించాను. ఆర్ఎన్ఏజ్‌తో 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచగానే అది మాయమైంది. ఎంజైమ్ వేయని గొట్టాన్ని మొదటి జెల్ నుంచే పక్కన నడిపి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి.

రెండవది కాల్షియం. ఈ ఎంజైమ్ కాల్షియం లేనిదే కదలదు. మేము 1 మిల్లీమోలార్ కలిపినా ఒక రోజు బాగా కోసేది, మరొక రోజు అసలు కోసేది కాదు. ఫైకాల్ బఫర్‌లోని ఫాస్ఫేట్, ఈజీటీఏ రెండూ కేంద్రకాలతో పాటు కొద్దికొద్దిగా మిగిలిపోయి కాల్షియాన్ని పట్టేసుకుంటున్నాయని, ఎంత మిగులుతుందన్నది ఆ రోజు నేను పై ద్రవాన్ని ఎంత జాగ్రత్తగా తీశానన్న దానిపై ఆధారపడుతోందని అర్థమైంది. కేంద్రకాలను ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్‌లో ఒకసారి కడగడం, కాల్షియాన్ని 3 మిల్లీమోలార్‌కు పెంచడం అనే రెండు మార్పులతో ఈ గొడవ తీరింది. ఎంజైమ్ యూనిట్ నిర్వచనం కంపెనీని బట్టి మారుతుంది కనుక మా యూనిట్లను ఇక్కడ రాయడం వల్ల ప్రయోజనం లేదు. ఒక్కొక్కటి నాలుగు రెట్ల చొప్పున పెరిగే ఐదు గొట్టాలు పెట్టి, ఏకన్యూక్లియోజోమ్ పట్టీ సుమారు 80 శాతం ఉన్న గొట్టాన్ని ఎంచుకోండి.

మూడవది నా ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో పెంచవలసిన ముక్క రెండు అంచులను గుర్తించే చిన్న డీఎన్ఏ తునకలు. 180 బేస్ జతల ముక్కను పెంచేలా వాటిని రూపొందించాను. న్యూక్లియోజోమ్ కాపాడేది 147 మాత్రమే. 180 పొడవున్న ముక్క ఎక్కడ మొదలైనా దాని ఒక అంచు ఖాళీలోకి జారుతుంది, అక్కడ కోత పడుతుంది, పీసీఆర్ నడవదు. అందువల్ల ప్రమోటర్ మొత్తం ఖాళీగా ఉన్నట్టు ఫలితం వచ్చింది. ఆ ఫలితాన్ని చూసి రెండు రోజులు ఆనందపడ్డానని కూడా రాయాలి. కొత్త ప్రైమర్లను 70 నుంచి 85 బేస్ జతల మధ్య ఉంచి, ఒక్కొక్క న్యూక్లియోజోమ్ నడిమికి ఒకటి, యూఏఎస్‌పీ1 ఉన్న ఖాళీకి ఒకటి చేయించాం.

హిస్టోన్లు లేని నగ్న డీఎన్ఏను కూడా ఇదే ఎంజైమ్‌తో కోసి పక్కన పెట్టాలి. ఈ ఎంజైమ్‌కు ఏ, టీ అక్షరాలు ఎక్కువగా ఉన్న చోట్లంటే మక్కువ. ప్రమోటర్లలో అవే ఎక్కువ. ఆ పోలిక లేకపోతే ఎంజైమ్ రుచిని మనం క్రొమాటిన్ (హిస్టోన్లతో చుట్టుకున్న డీఎన్ఏ) రూపమని పొరబడతాం.

కొత్త ప్రైమర్లతో ఫాస్ఫేట్ ఉన్న కణాలలో, ఫాస్ఫేట్‌తో సంబంధం లేని ఒక స్థిర న్యూక్లియోజోమ్‌ను 1.00గా తీసుకుంటే, కోత పడకుండా మిగిలిన డీఎన్ఏ:
మైనస్ 1: 0.81
మైనస్ 2: 0.94
యూఏఎస్‌పీ1 ఖాళీ: 0.12
మైనస్ 3: 0.88

మూసిన తలుపు, తెరిచిన వసారా రెండూ అంకెలలో కనిపించాయి. ఆకలి కణాలలో మైనస్ 2 విలువ 0.58 దగ్గర ఆగింది. పుస్తకాల ప్రకారం ఇంకా బాగా దిగాలి. దీనిని అప్పటికి పక్కన పెట్టాం.

ఇప్పటివరకు: 34 రోజులు, 19 కల్చర్లు, 11 జెల్స్, రెండు జతల ప్రైమర్ల ఖర్చు.

దశ 4: క్లా1, మూసిన తలుపు తెరిచినట్టు కనిపించడం (35 నుంచి 45వ రోజు)

లెక్క ఇలా ఉంటుంది. క్లా1 గుర్తుకు అటూ ఇటూ ప్రైమర్లు పెడితే, తెగిన డీఎన్ఏ పెరగదు, తెగనిది పెరుగుతుంది. క్లా1 గుర్తు లేని మరొక ముక్కతో సరిచేసిన తరువాత కోసిన గొట్టం, కోయని గొట్టం కంటే ఎన్ని సైకిళ్లు ఆలస్యమైందో చూడాలి. ఒక్కో సైకిల్‌కు డీఎన్ఏ రెట్టింపవుతుంది కనుక 1 సైకిల్ ఆలస్యమైతే సగం తెగినట్టు, 2.3 సైకిళ్లైతే 80 శాతం.

మొదటిసారి ఫాస్ఫేట్ ఉన్న కణాలలోనే 0.89 సైకిల్ తేడా వచ్చింది, అంటే 46 శాతం ప్రమోటర్లు తెరిచి ఉన్నట్టు. హోర్ట్స్ బృందం బ్లాట్లలో ఈ స్థితిలో క్లా1 కోత చాలా స్వల్పం. పైగా అదే కల్చర్‌లో ఆమ్ల ఫాస్ఫటేజ్ 0.05 మాత్రమే ఉంది.

కారణం కోతను ఆపే పద్ధతిలో దొరికింది. నేను ముందు ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్ కలిపి, గొట్టాలన్నింటికీ అది పూర్తయ్యాక, మెగ్నీషియాన్ని పట్టేసి క్లా1ను ఆపే ఈడీటీఏ కలుపుతున్నాను. ఎస్‌డీఎస్ పడగానే హిస్టోన్లు విడిపోయి డీఎన్ఏ నగ్నమవుతుంది. క్లా1 మాత్రం మెగ్నీషియం అందుతున్నంతకాలం, తాను కూడా చెడిపోయేలోపు, దొరికిన చోటల్లా కోస్తుంది. ఆ కొన్ని క్షణాలలో పడిన కోతలను నేను క్రొమాటిన్ ఖాతాలో రాస్తున్నాను. దీనిని రుజువు చేయడానికి క్లా1 వేసిన వెంటనే, సున్నా నిమిషాల వద్ద, పాత పద్ధతిలోనే ఆపి చూశాను. కోతకు సమయమే ఇవ్వని ఆ గొట్టంలో 31 శాతం తెగి ఉంది.

మార్చినవి:
1. ముందు ఈడీటీఏ, అదీ మెగ్నీషియం కంటే రెండు రెట్లు ఎక్కువ. ఐస్‌పై 1 నిమిషం.
2. ఆ తరువాతే ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్.
3. ప్రతి ప్రయోగంలోనూ సున్నా నిమిషాల గొట్టం తప్పనిసరి. అందులో 3 శాతం దాటితే ఆ రోజు అంకెలన్నీ రద్దు.
4. ఎంజైమ్‌ను రెండు మోతాదులలో, రెండవది మొదటిదానికి నాలుగు రెట్లుగా వేయడం. రెండూ ఒకే శాతాన్ని ఇస్తేనే అది క్రొమాటిన్ చెబుతున్న అంకె. లేకపోతే ఎంజైమ్ చాలలేదని అర్థం.

ఇవన్నీ చేశాక ఫాస్ఫేట్ ఉన్న కణాలకు 7 శాతం వచ్చింది. అయితే ఈ 7ను ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. 7 శాతమంటే కేవలం 0.1 సైకిల్ తేడా, ఒకే నమూనా వేసిన మూడు వెల్స్ (ప్లేటులోని గుంటల) మధ్య సహజంగా వచ్చే తేడా కూడా దాదాపు అంతే. 0.2 సైకిల్ వస్తే అదే అంకె 13 శాతమవుతుంది. మిగిలిపోయిన దానిని కొలిచి తెగినదానిని ఊహించే పద్ధతికి ఈ బలహీనత తప్పదు; తెగిన పట్టీనే నేరుగా చూపే పాత బ్లాట్ ఈ విషయంలో మనకంటే మెరుగు. వెల్స్‌ను మూడు నుంచి ఆరుకు పెంచి, "10 శాతం లోపు" అని మాత్రమే రాయడం అలవాటు చేసుకున్నాను.

మరొక చిన్న ఉచ్చు ఉంది. ఎంజైమ్ బాగుందో లేదో చూడడానికి వాడిన మా ప్లాస్మిడ్ (ఈ. కోలై బ్యాక్టీరియాలో పెంచిన డీఎన్ఏ వలయం) అసలు తెగలేదు. ఆ ప్లాస్మిడ్‌లో క్లా1 గుర్తు వెంటనే సీ అక్షరం ఉండడంతో జీఏటీసీ ఏర్పడుతోంది, మామూలు ఈ. కోలై దానిపై మిథైల్ గుర్తు వేస్తుంది, క్లా1 ఆగిపోతుంది. ఈస్ట్‌లో ఈ మిథైల్ వ్యవస్థ లేదు కనుక అసలు ప్రయోగానికి భయం లేదు. మంచి ఎంజైమ్‌ను పారవేయబోయి ఆగాను.

ఇప్పటివరకు: 45 రోజులు, 24 కల్చర్లు, 14 జెల్స్, 6 క్యూపీసీఆర్ ప్లేట్లు.

దశ 5: తెరిచిన తలుపు సగం మూసినట్టు కనిపించడం (46 నుంచి 58వ రోజు)

ఇక ఆకలి కణాలు. ఆమ్ల ఫాస్ఫటేజ్ 0.9 దాటింది, జన్యువు పూర్తిస్థాయిలో నడుస్తోంది, అయినా క్లా1 కోత 41 శాతం దగ్గరే నిలిచింది. ఎంజైమ్‌ను నాలుగు రెట్లు పెంచినా 42. సున్నా నిమిషాల గొట్టం 2 శాతం. దశ 3లో పక్కన పెట్టిన 0.58 కూడా ఇదే మాట చెబుతోందని అప్పుడు తట్టింది. రెండు వేర్వేరు ఎంజైమ్‌లు ఒకే అబద్ధం చెప్పవు. నిజంగానే సగానికి పైగా ప్రమోటర్లు మూసి ఉన్నాయి. అయితే అవి ఎప్పుడు మూసుకున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు నాకు తట్టలేదు. మా సీనియర్ అక్క నా నోట్సు చూసి, "గోడ కరిగించే గంటసేపు ఆ కణాలు బతికే ఉంటాయి కదా, వాటిని ఏ నీటిలో ఉంచావో చదువు" అన్నది. చదివాను. పొటాషియం ఫాస్ఫేట్ బఫర్. 14 గంటలు ఆకలితో మాడ్చిన కణాలను 30 డిగ్రీల వెచ్చదనంలో, ఫాస్ఫేట్ నిండుగా ఉన్న ద్రవంలో, ముప్పావు గంట కూర్చోబెడుతున్నాను. ఆకలి కణాల గోడ గట్టిదని దశ 2లో సమయం పెంచడం దీనిని మరింత చెడగొట్టింది.

పరీక్ష ఇలా చేశాం:
1. ఒకే ఆకలి కల్చర్‌ను మూడు భాగాలు చేశాం.
2. మొదటి భాగం గోడను పాత ఫాస్ఫేట్ బఫర్‌లోనే కరిగించాం.
3. రెండవ భాగానికి అదే పీహెచ్‌లో ట్రిస్, సార్బిటాల్ బఫర్ వాడాం.
4. మూడవ భాగానికి కల్చర్ ఫ్లాస్కులోనే ఫాస్ఫేట్ కలిపి, 40 నిమిషాలు ఆగి, ట్రిస్ బఫర్‌లో కరిగించాం.

క్లా1 కోత వరుసగా 40, 78, 22 శాతం. మూడు వేర్వేరు కల్చర్లలో చేస్తే అంకెలు ఐదారు శాతం అటూ ఇటూ అయ్యాయి కాని వరుస మారలేదు. ఫ్లాస్కులో గ్లూకోజ్ ఉంది, గోడ కరిగించే బఫర్‌లో లేదు. మూడవ భాగం మొదటిదానికంటే ఎక్కువగా మూసుకోవడానికి అదే కారణమని నా అంచనా, దానిని విడిగా పరీక్షించలేదు.

ఫైకాల్ బఫర్‌లోనూ ఫాస్ఫేట్ ఉంది కదా అని అడగవచ్చు. ఆ దశలో కణం పగిలిపోయి ఉంటుంది, చల్లగా ఉంటుంది, ఫాస్ఫేట్ కబురును ఫో4 దాకా మోసే యంత్రాంగం చెదిరిపోయి ఉంటుంది. ఫైకాల్ బఫర్‌ను కూడా ఒకసారి ట్రిస్‌తో మార్చి చూశాను. 78కి బదులు 77 వచ్చింది, కనుక పాతదే ఉంచాను.

ఈ వైఫల్యం వల్ల ఒక లాభం కలిగింది. తెరిచిన ప్రమోటర్ తనంతట తాను తెరిచి ఉండదని, ఫో4 వెళ్లిపోతే ఒక గంటలోపే హిస్టోన్లు తిరిగి వచ్చి కూర్చుంటాయని మా సొంత అంకెలలోనే చూశాం. మొదటి ప్రణాళికలో ఈ ప్రయోగం లేనే లేదు.

కొత్త బఫర్‌తో న్యూక్లియేజ్ కోత కూడా మళ్లీ చేశాం. ఆకలి కణాలలో మైనస్ 1 విలువ 0.30, మైనస్ 2 విలువ 0.27, యూఏఎస్‌పీ1 ఖాళీ 0.09, మైనస్ 3 విలువ 0.46.

ఇప్పటివరకు: 58 రోజులు, 31 కల్చర్లు, 17 జెల్స్, 10 ప్లేట్లు. దశ 3, 4లలోని ఆకలి కణాల అంకెలన్నీ రద్దు.

దశ 6: గంటల వారీగా, ఫో4 లేకుండా (59 నుంచి 71వ రోజు)

ఇక మిగిలిన సందేహం ఒకటే. జన్యువును చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ దాని మీదుగా నడుస్తూ న్యూక్లియోజోమ్‌లను తోసేస్తోందా, లేక అవి ముందుగా తొలగితేనే పాలిమరేజ్ వస్తోందా? దీనికి జవాబు పాతదే: టాటా బాక్స్‌ను చెడగొట్టి జన్యువు చదవబడకుండా చేసినా కరువులో ప్రమోటర్ తెరుచుకుంటుందని 1993లో హోర్ట్స్ బృందమే చూపింది. దీనికి రెండవ వైపు అంతకంటే ముందే తెలుసు. 1988లో మిన్ హాన్, మైఖేల్ గ్రున్‌స్టీన్ ఈస్ట్‌లో హెచ్4 హిస్టోన్ తయారీని ఆపివేస్తే, ఫాస్ఫేట్ ఉన్నా ఫో5 పనిలోకి వచ్చింది. మా దగ్గర టాటా చెడిన రకం లేదు కనుక కాలక్రమాన్ని కొలిచాం. ఎడమవైపు క్లా1 కోత శాతం, కుడివైపు ఆమ్ల ఫాస్ఫటేజ్:

0 గంటలు: 10 లోపు, 0.05
2 గంటలు: 12, 0.05
4 గంటలు: 38, 0.11
6 గంటలు: 61, 0.34
14 గంటలు: 79, 0.93

4 గంటల వద్ద తలుపు దాదాపు సగం దూరం తెరుచుకుంది, ఎంజైమ్ మాత్రం పదో వంతుకు కాస్త పైన ఉంది. ఎంజైమ్ తయారై గోడ దగ్గరకు చేరడానికి సమయం పడుతుంది కనుక ఈ ఆలస్యం ఒక్కటే కారణకార్య సంబంధాన్ని రుజువు చేయదు. పాత రుజువుతో పొంతన కుదిరిందని మాత్రమే చెప్పగలను.

ఫో4 జన్యువు తొలగించిన ఈస్ట్‌ను ఇదే విధంగా 14 గంటలు ఆకలితో ఉంచితే క్లా1 కోత 10 శాతం లోపే ఉంది, మైనస్ 2 విలువ 0.92. అంటే ఆకలి నేరుగా న్యూక్లియోజోమ్‌లను కదపడం లేదు. ముందుగా వసారాలోని యూఏఎస్‌పీ1పై ఫో4 కూర్చోవాలి. అది హిస్టోన్లకు ఎసిటైల్ గుర్తులు వేసే, న్యూక్లియోజోమ్‌లను జరిపే యంత్రాలను పిలవాలి. అప్పుడు గాని లోపలి యూఏఎస్‌పీ2 బయటపడదు. ఎసిటైల్ గుర్తు వేసే జీసీఎన్5 లేని ఈస్ట్‌లో తలుపు చివరికి తెరుచుకుంటుంది కాని ఆలస్యంగా తెరుచుకుంటుందని తెలుసు. కనుక ఆ రకంతో పని చేసేవారు 14 గంటల అంకె ఒక్కటే చూస్తే తేడా ఏదీ కనిపించక నిరాశపడతారు, 4, 6 గంటల గొట్టాలను తప్పక తీయాలి.

అంత బాగాలేని పీట వసారాలో, మంచి పీట గదిలో ఎందుకున్నాయన్న దానికి ఫెలిక్స్ లామ్, డేవిడ్ స్టెగర్, ఎరిన్ ఓషే 2008లో ఇచ్చిన వివరణ నాకు సమంజసంగా తోస్తుంది. బయట ఉన్న చోటు ఫో4ను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న దానిని బట్టి జన్యువు ఏ స్థాయి కరువుకు మేల్కొంటుందో నిర్ణయమవుతుంది. లోపల ఉన్న చోట్లు, మేల్కొన్న తరువాత ఎంత జోరుగా పనిచేస్తుందో నిర్ణయిస్తాయి. బయటి చోటు బలహీనంగా ఉండడం వల్లనే చిన్నపాటి కరువుకు ఫో5 ఉలిక్కిపడదు.

మొత్తం: 71 రోజులు, 40 కల్చర్లు, 19 జెల్స్, 15 ప్లేట్లు. నిలిచిన అంకెలు పైవే.

తరువాతి పని జాబితాలో రెండు ఉన్నాయి. ఒకటి, మైనస్ 3 విలువ 0.46 దగ్గరే ఎందుకు నిలిచిందో చూడడానికి ఆ న్యూక్లియోజోమ్‌పై ఒకే చోట కాకుండా మూడు చోట్ల ప్రైమర్లు పెట్టడం. రెండు, ఎర్ర టేపు ఊడిపోతున్న రెండు ఫ్లాస్కులకు గాజుపై చెరగకుండా గుర్తు చెక్కించడం. పోయిన వారం వాటిలో ఒకటి మళ్లీ మామూలు సామానులో కలిసిపోయింది.